కొడ్రి అంటే ఇవ్వండి

పెనుకొండ,
జూన్ 18

రఘన్నకు,

నేను, హేమను, రాస్తున్నాను. నా చేతిరాత చూస్తే కవరు విప్పవేమోనని అడ్రసు టైపు చేయించాను. ఇంతదాకా చదివావంటే మిగతాది కూడా చదువు.

ఫోన్ చేయొచ్చు కదా అంటావేమో. మా ఇద్దరి ఫోన్లూ సాక్ష్యమంటూ పోలీసులు పట్టుకెళ్ళారు. పక్కింటావిడ ఫోను నుంచి చేస్తే, నా గొంతు వినగానే "రఘునాథ్ సార్ మీటింగులో ఉన్నారండీ" అని నువ్వే అన్నావు. నీ గొంతు నాకు తెలియదా అన్నా? ఈ వారంలో నవ్వొచ్చింది అప్పుడొక్కసారే.

మా ఆయన అరెస్టు సంగతి టీవీలో చూసే ఉంటావు. టీవీలో రానిది చెప్తాను. గుడిబండ దాటాక, కర్ణాటక అంచున ఒక పల్లెలో ఆయన ఆదివారాలు ప్రార్థన జరిపే రేకుల చర్చి ఉంది. దాని చుట్టూ కూలీల ఇళ్ళు. ఆ స్థలం మొత్తం సోలార్ కంపెనీకి ఇస్తున్నారని, ఖాళీ చేయాలని నోటీసులు వచ్చాయి. ప్రార్థన అయ్యాక ఆయన వాళ్ళకు వాళ్ళ కన్నడంలోనే చెప్పాడు: "అర్జీ బరీరి. తహసీల్దారిగె కొడ్రి. ఎల్లారూ సేరి కొడ్రి." అర్జీ రాయండి, తహసీల్దారుకు ఇవ్వండి, అందరూ కలిసి ఇవ్వండి అని. రేకుల మీద వాన పడుతోంది. ఎవరో ఫోన్లో వీడియో తీశారు.

మర్నాడు జనం అర్జీతో వెళ్తే ఆఫీసు గేటు వేసేశారు. తోపులాట జరిగింది, ఎవరో రాయి విసిరారు. తహసీల్దారు డ్రైవరు తల పగిలింది. మా ఆయన ఆ పూట ఆ ఊళ్ళోనే లేడు. పోలీసు కాగితంలో ఆయన మాటలు ఇలా ఎక్కాయి: "తహసీల్దారుని కొట్రి. అందరూ చేరి కొట్రి." కన్నడం తెలియనివాడెవడో టైపు చేశాడు. అర్జీ అన్న మాట వానలో పోయిందట. మతం పేరుతో జనాన్ని రెచ్చగొట్టి ప్రభుత్వం మీదికి ఉసిగొల్పాడని కేసు. ఆయనతో పాటు పౌలు, ఇమాం అనే ఇద్దరు కూలీలను కూడా తీసుకెళ్ళారు. ఇమాంకు చర్చితో సంబంధమే లేదు, వాడి ఇల్లు అక్కడుంది, అంతే.

రోజూ రాత్రి టీవీలో ఎవరో ఒకరు మా ఆయన్ని దేశద్రోహి అంటున్నారు. నువ్వు పనిచేసే గిరిధర్ గారు రాజ్యసభ సభ్యుడు. ఆయన లేచి ఆ మాటకు అర్థమేమిటో సభలో చెప్తే దేశం వింటుంది. కోర్టు కూడా వింటుంది. నేను అడిగేది ఆ ఒక్క మాటే.

నీ చెల్లెలు,
హేమ

హిందూపురం,
జూన్ 27

చెల్లెలు హేమావతికి,

టైపు అక్షరాలు చూసి ఏదో ఆఫీసు నోటీసు అనుకుని విప్పాను. గెలిచావు.

నాయనకు నీ ఉత్తరం సంగతి చెప్పలేదు. టీవీలో బావ ముఖం కనబడితే చానల్ మార్చేస్తాడు. "ఆయప్ప పేరు ఈ ఇంట్లో ఎత్తాకండి" అంటాడు. మళ్ళీ అన్నం దగ్గర కూర్చుని, "బెయిలొచ్చిందంటనా?" అని గోడనడిగినట్టు అడుగుతాడు. నాయన మాట కాదని నువ్వు పెళ్ళి చేసుకున్నాక ఇంట్లో నీ గురించి ఇంత మాట జరగడం ఇదే మొదలు.

కొడ్రి సంగతి నువ్వు నాకు చెప్పాలా? అమ్మ పుట్టిల్లు కర్ణాటకలో పావగడ వైపు. మనం బడి నుంచి రాగానే "మేష్ట్రు పుస్తక కొట్టరా?" అని అడిగేది. పుస్తకాలు ఇచ్చారా అని ఆమె అడిగితే మనకు కొట్టారా అని వినపడేది. "కొట్టల్యామ్మా, తిట్టి పంపిచ్చినారు" అని నువ్వనేదానివి. ఇద్దరం పడీపడీ నవ్వేవాళ్ళం, ఆమెకు ఎందుకో అర్థమయ్యేది కాదు. ఆ టైపు చేసినవాడికి అలాంటి అమ్మ లేకపోయింది.

గిరిధర్ సారుకు చెప్పాను. "పాస్టరు కేసా? మంచిదే. ఢిల్లీలో మన గొంతు వినపడల్లంటే ఇట్లాంటిదే కావల్ల" అన్నారు. ఆ మాట నాకు అంత నచ్చలేదు. కానీ ఒప్పుకున్నారు కదా. జీరో అవర్లో మూడు నిమిషాలు దొరుకుతాయి. ప్రసంగం రాసేది నేనే. కన్నడం వాక్యాలు పొల్లుపోకుండా రాసి పంపు.

ఫోన్ వద్దు, ఉత్తరమే మంచిది. ఈ రోజుల్లో నా ఫోను కూడా నాది కాదు.

రఘు

పెనుకొండ,
జూలై 6

అన్నా,

నీ ఉత్తరం జైలుకు తీసుకెళ్ళాను. లోపలికి ఇవ్వనీయలేదు కాబట్టి ఇనుప జాలీ ఇవతల నిలబడి మొత్తం చదివి వినిపించాను. అమ్మ మాట దగ్గర ఆయన ఎంత నవ్వాడంటే కాపలా కానిస్టేబులు వచ్చి ఏమిటని అడిగాడు. "మా బామ్మర్ది రాసినాడు సార్" అని ఆయన గర్వంగా చెప్పాడు. నువ్వు ఆయనతో ఇప్పటిదాకా ఒక్క మాటా మాట్లాడలేదు. అయినా బామ్మర్ది అన్నాడు.

ఆయన మాటలు విడిగా ఒక కాగితం మీద రాసి పెట్టాను. మా వకీలు మసూద్ గారు చూసి సరేనన్నారు. ఆయన ఏమంటారంటే, వీడియోలో శబ్దం అటూ ఇటూ కాకుండా ఉంది, కాబట్టి అర్థం దగ్గరే కేసు నిలిచినా పడినా. ఇవ్వండి అన్నాడని నలుగురూ నమ్మితే బెయిలు కష్టం కాదు. సభలో పెద్ద మనిషి ఆ మాట చెప్తే ఎదుటివాళ్ళు కాస్త వెనక్కి తగ్గుతారు.

నేను పాఠం చెప్పే ప్రైవేటు స్కూలువాళ్ళు "పిల్లల తల్లిదండ్రులు అడుగుతున్నారు మేడం, కొన్నాళ్ళు రావొద్దు" అన్నారు. తిట్టుకుంటూ కూర్చునే ఓపిక లేదు. ధర్మవరంలో మా ఆడపడుచు నల్లమ్మ దగ్గరికి వెళ్తున్నాను. ఆమె మగ్గం నేస్తుంది, మనిషి కాస్త గట్టిది. ఇకమీదట ఆ అడ్రసుకు రాయి.

అన్నా, నాకు చాలా ఏళ్ళ తర్వాత ధైర్యంగా ఉంది. ఇది రాయడానికి సిగ్గేమీ లేదు.

హేమ

హిందూపురం,
జూలై 15

హేమా,

ప్రసంగం పూర్తయింది. ఒక ముక్క రాస్తున్నాను, చదువు.

"అధ్యక్షా, మా జిల్లా అంచున తెలుగూ కన్నడమూ ఒకే పొయ్యి దగ్గర కూర్చుంటాయి. అక్కడ ఒక పాస్టరు తన జనంతో కొడ్రి అన్నాడు. కన్నడంలో దాని అర్థం ఇవ్వండి అని. అర్జీ ఇవ్వండి అన్నాడు. పోలీసులు దాన్ని కొట్టండి అని రాసుకున్నారు. ఇవ్వడానికీ కొట్టడానికీ తేడా తెలియని చేతుల్లో ఒక మనిషి స్వేచ్ఛ పెట్టడం న్యాయమా?"

ఎలా ఉంది? నువ్వు తెలుగు టీచరువి, తప్పులుంటే చెప్పు. నేను రాసినవాటిలో ఇది మంచిదని నాకనిపిస్తోంది. పై వారం సారుతో కలిసి ఢిల్లీ వెళ్తున్నాను. టీవీలో ప్రత్యక్షంగా వస్తుంది. నల్లమ్మ గారికి కూడా చూపించు. బావకు చెప్పు.

రఘు

ధర్మవరం,
జూలై 31

అన్నా,

చూశాం. నల్లమ్మ మగ్గం ఆపి వచ్చి కూర్చుంది. వీధిలోవాళ్ళు కూడా వచ్చారు. సారు లేచి మా ఆయన పేరు చెప్పగానే నల్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. తర్వాత ఆయన ఏమన్నాడో నీకు తెలుసు. తెలియనట్టు నటిస్తావేమోనని రాస్తున్నాను.

"అవును అధ్యక్షా, కొట్టమన్నాడు! అన్యాయాన్ని కొట్టమన్నాడు! దేవాలయంలో బేరాలాడేవాళ్ళను క్రీస్తు కొరడాతో కొట్టలేదా? పేదవాడి కడుపు మండితే ఆ మాట రాదా? అది నేరమైతే ముందు నన్ను అరెస్టు చేయండి!"

బల్లలు చరిచారు. అటువైపు వాళ్ళు అరిచారు. కొడ్రి లేదు, కన్నడం లేదు, అర్జీ లేదు. "ఏమ్మా, మన పక్కన మాట్లాడేటోడే ఇట్లంటే, ఎదురోడు ఎట్లంటాడు?" అంది నల్లమ్మ.

ఎదురోడు ఎలా అన్నాడో మొన్న కోర్టులో విన్నాం. ప్రభుత్వ వకీలు ఆ ముక్కే ఫోన్లో పెట్టి వినిపించాడు. "వీరి తరఫున పార్లమెంటులో మాట్లాడిన పెద్దమనిషే కొట్టమన్నాడని ఒప్పుకున్నాడు. ఇవ్వమన్నాడన్న కథ ఇప్పుడు కొత్తగా అల్లుతున్నారు" అన్నాడు. బెయిలు రాలేదు. పౌలుకూ ఇమాంకూ కూడా రాలేదు.

ముందు నన్ను అరెస్టు చేయండి అన్నాడు కదా మీ సారు. సభలో ఏమన్నా సభ్యుడి మీద కేసు ఉండదట, మసూద్ గారు చెప్పారు. ఆ గోడల మధ్య నిలబడి ఎంత ధైర్యమైనా చూపించొచ్చు. దాని ఖరీదు కట్టేది జాలీ వెనకున్న మనిషి.

ఎవరు మార్చారు ఆ మాటను? ఇదొక్కటి చెప్పు.

హేమ

హిందూపురం,
ఆగస్టు 7

హేమా,

నీ బాధ అర్థమవుతుంది. బెయిలు సంగతి విని నేనూ రెండు పూటలు అన్నం తినలేదు.

సభ అంటే నువ్వనుకున్నట్టు తరగతి గది కాదు. గోల, అరుపులు. ఆ వేడిలో సారు నా కాగితం వదిలేసి, మనసులో ఉన్నది అప్పటికప్పుడు మాట్లాడేశారు. ఆవేశం వచ్చింది. చెడు ఉద్దేశం లేదు.

ఇంకోవైపు నుంచి కూడా చూడు. నిన్నటిదాకా బావ ఎవరో పెనుకొండ దాటితే తెలియదు. ఈ రోజు దేశమంతా ఆయన పేరు చెప్పుకుంటోంది. హిందూపురంలో సారుకు సన్మానం చేశాం. ఫ్లెక్సీల మీద బావ ఫోటో కూడా వేయించాను. కొంచెం చిన్నది, కానీ వేయించాను. వచ్చే మున్సిపల్ ఎన్నికల్లో నీకు టికెట్ ఇచ్చే ఆలోచన సారుకు ఉంది. తొందరపడి కాదనకు.

ఇప్పుడు సభలో మళ్ళీ లేచి, ఆ మాటకు అర్థం వేరే అంటే సారు నవ్వులపాలవుతారు. కొంచెం ఓపిక పట్టు.

రఘు

ధర్మవరం,
ఆగస్టు 13

రఘునాథ్ గారికి,

ఆ వీడియో నేను ఎన్నిసార్లు చూశానో నాకే తెలియదు. "అవును అధ్యక్షా" అన్నాక మీ సారు ఆగాడు. కళ్ళజోడు సర్దుకున్నాడు. తల వంచి కాగితం చూశాడు. చూసి, తలెత్తి "కొట్టమన్నాడు" అన్నాడు. కొరడా దగ్గర ఇంకోసారి వంగి చూశాడు. కన్నబిడ్డల పేర్లు చెప్పడానికి కాగితం ఎవరూ చూడరు, మనసులోంచి వచ్చిన మాటకూ అంతే. ఆయన చదివాడు. రాసిన చెయ్యి ఎవరిది?

టికెట్ నీ దగ్గరే పెట్టుకో. ఫోటో కూడా దించేయించు, పెద్దదైనా చిన్నదైనా.

ఇంకొక్కటే అడుగుతాను. వచ్చే నెలలో మళ్ళీ బెయిలు అడుగుతున్నాం. కన్నడం తెలిసినవాళ్ళు వచ్చి ఆ మాటకు అర్థం చెప్పాలని మసూద్ గారి ఆలోచన. ఆ పల్లెవాళ్ళు చెప్తే ముద్దాయిల మనుషులంటారు. నేను చెప్తే పెళ్ళాం అంటారు. మీ సారు దగ్గర పనిచేసే నువ్వు, చర్చి గడప తొక్కని నువ్వు, కన్నడం మాట్లాడే తల్లి కడుపున పుట్టిన నువ్వు వచ్చి "కొడ్రి అంటే ఇవ్వండి" అని చెప్తే కాదనడానికి ఎవరికీ నోరు రాదు. రాజకీయం చెప్పొద్దు. ప్రసంగం సంగతి ఎత్తొద్దు. ఆ మాటకు అర్థం చెప్పి వెళ్ళిపో.

హేమావతి

హిందూపురం,
ఆగస్టు 30

హేమా,

నేనే రాశాను.

మొదటి కాగితం సారు విమానంలో చదివి ఒళ్ళో పడేశారు. "అర్జీ ఇమ్మన్నాడని చెప్పేదానికి ఢిల్లీ దాకా యాల రఘూ? దానికి ఎవురు బల్ల చరుస్తారప్పా?" అన్నారు. దిగేలోపల ఇంకోటి రాయమన్నారు. రాశాను. కొరడా వాక్యం నాదే. రాసేటప్పుడు బాగా కుదిరిందని కూడా అనుకున్నాను. ఇంతకంటే నిజం నా దగ్గర లేదు.

ఇంకో సంగతి. ఆ మాటలు హింసను సమర్థిస్తున్నట్టున్నాయని పార్టీ పెద్దలు సారును కోప్పడ్డారు. సారు సభాధ్యక్షుడికి రాసుకుని ఆ వాక్యాలను సభ రికార్డుల నుంచి తొలగించుకున్నారు. ఇప్పుడు ఆ మాటలు సభలో ఎవరూ అననట్టే లెక్క. సారు మీద మచ్చ లేదు.

సాక్ష్యానికి రాలేను. బోనెక్కగానే అడిగేది, ఆ ప్రసంగం రాసిందెవరని. నేనని చెప్తే నా ఉద్యోగం పోతుంది, సారు పరువు పోతుంది. కాదంటే అబద్ధం. ఇంట్లో నాయన మందులు, పిల్లల చదువులు నా జీతం మీదే ఉన్నాయి.

కానీ ఊరికే కూర్చోలేదు. సారు చేత ప్రభుత్వంలో పైవాళ్ళతో మాట్లాడించాను. బావ ఒక కాగితం మీద "ఆవేశంలో కొట్టమన్నాను, చింతిస్తున్నాను" అని సంతకం పెడితే చాలు. ఆయన మీద కేసు ప్రభుత్వమే వెనక్కి తీసుకుంటుంది. దసరాకు ఇంట్లో ఉంటాడు. పౌలు, ఇమాం సంగతి తర్వాత చూద్దామన్నారు. కాగితం ఇందులో పెట్టాను. నీ మొగుడు నీకు కావాలంటే సంతకం పెట్టించు. ఇంతకు మించి నేను చేయగలిగింది లేదు.

రఘు

ధర్మవరం,
సెప్టెంబరు 22

రఘునాథ్ గారికి,

నీ కాగితం తీసుకుని జైలుకు వెళ్ళాను. చింపేశానని రాస్తే నువ్వు నమ్ముతావు, నాకూ గొప్పగా ఉంటుంది. కానీ చింపలేదు. మడత నలగకుండా రవికెలో పెట్టుకుని తీసుకెళ్ళాను. సంతకం కాగితం కాబట్టి ఈసారి లోపలికి ఇవ్వనిచ్చారు.

ఆయన చదివాడు. చాలా చిక్కిపోయాడు. పెన్ను ఇప్పించమని కానిస్టేబుల్ని అడిగాడు. తీసుకున్నాడు కూడా. అప్పుడు, "పౌలు, ఇమాం సంగతేమంట?" అన్నాడు. తర్వాత చూస్తారంట అన్నాను. "నేను కొట్టమన్న్యానని సంతకం పెడితే, వాళ్ళు కొట్టినారని పెట్టినట్లే గదా హేమా" అని పెన్ను వెనక్కి ఇచ్చేశాడు.

నేను అరిచాను. అందరూ చూస్తుండగా, "నాకు నీ న్యాయం వద్దు, నువ్వు ఇంటికి రా" అని అరిచాను. "వాళ్ళు నీకేమైతారు? నేను నీకేమీ కానా?" అన్నాను. ఆయన ఏడ్చాడు. నేను ఆయన్ని ఓదార్చకుండా వచ్చేశాను. రెండు వారాలు మళ్ళీ జైలు వైపు వెళ్ళలేదు. ఆయన మీద అంత కోపం నాకు ఎన్నడూ రాలేదు.

తర్వాత ఇమాం భార్య హజరాబీ వచ్చింది. కాగితం సంగతి ఎలాగో ఆమెకు తెలిసిపోయింది. తిట్టడానికి వచ్చిందనుకున్నాను. నల్లమ్మ వేసిన చాప మీద కూర్చుని, "సంతకం పెట్టమను అక్కా. ముగ్గురూ లోపలుండి ఏం జేస్తారు? అయ్యగారన్నా బయట ఉంటే మా వాళ్ళ కోసం తిరుగుతాడు" అంది. ఆమె అలా అనకుండా నన్ను తిట్టిపోసి ఉంటే, నేను మళ్ళీ వెళ్ళి ఆయన కాళ్ళు పట్టుకునైనా సంతకం పెట్టించేదాన్ని. అంత మాట అన్న మనిషి మొగుణ్ణి లోపల వదిలేసి నా మొగుణ్ణి ఎలా తెచ్చుకోను? మర్నాడు వెళ్ళి పెట్టొద్దని చెప్పాను.

రెండోసారి కూడా బెయిలు రాలేదు. రికార్డుల నుంచి ఆ మాటలు తీసేశారని మసూద్ గారు చెప్పబోతే, సభ రికార్డు సభదే, బయట జనం చూసింది జనం చూశారు కదా అన్నాడు ప్రభుత్వ వకీలు. మీ సారు అన్న మాట ఆయన అననట్టయింది. మా ఆయన అనని మాట ఆయన అన్నట్టయింది.

దసరా తర్వాత విచారణ మొదలవుతుంది. అర్థం చెప్పడానికి మడకశిర నుంచి ఒక రిటైరైన కన్నడం మేష్టరు వస్తానన్నాడు. పేరు హనుమంతరాయప్ప. మాకేమీ కాడు. మసూద్ గారు అడగ్గానే, "దానికేముందప్పా, తెల్సిన మాటకు అర్థం చెప్పేదానికి భయమెందుకు?" అన్నాడట. ఆయన మాట కోర్టు నమ్ముతుందో లేదో తెలియదు. నాకైతే ఆ రాత్రి నిద్ర పట్టింది.

నువ్వు చెడ్డవాడివని నేను అనను. చెడ్డవాడివైతే నాకింత మంట ఉండదు. నీకు అర్థం తెలుసు. ఈ కేసులో తప్పుగా రాసినవాళ్ళందరిలో అర్థం తెలిసి రాసినవాడివి నువ్వొక్కడివే.

ఇక ఉత్తరాలు రాయొద్దు. టైపు చేయించి పంపినా నేను విప్పను. నాయన ఆరోగ్యం జాగ్రత్తగా చూసుకో. ఆయనకు ఏమైనా అయితే కబురు చెయ్యి, లోపలికి రానీయకపోయినా వచ్చి వీధిలో నిలబడతాను. నాకు ఏమైనా అయితే నీకు కబురు రాదు.

ఏసుదాసు భార్య,
హేమావతి